పుట్టింటికొచ్చిన సొర

ఒక చిన్న లెక్క చెబుతాను, చేసి చూడండి.

మార్చి నెల. గుజరాత్‌లోని వెరావల్ రేవు నుంచి వెళ్లిన బోటు ఒకటి సముద్రంలో వల వేసింది. రాత్రంతా వల నీళ్లలోనే ఉంది. తెల్లవారుజామున లాగబోతే రాదు. నలుగురు లాగినా రాదు. బోటులో ఉన్నవాళ్లంతా కలిసి పట్టినా జానెడు కదిలి మళ్లీ వెనక్కే పోతోంది.

“ఏటి మావా, ఇంత బరువుగుంది? రాయికేటైనా తగిలిందేటి?” అన్నాడు కుర్ర కలాసీ.

“రాయికి తోకుంటదేట్రా? అటు సూడు” అన్నాడు తండేల్.

చూస్తే వలలో చుట్టుకుపోయి ఒక చేప. చేప అంటే బుట్టలో పట్టే చేప కాదు. ఆర్టీసీ బస్సంత ఉంది. బూడిద రంగు ఒళ్లు, దాని మీద తెల్లటి చుక్కలు, ముగ్గుకి చుక్కలు పెట్టి గీతలు కలపడం మరిచిపోయినట్టు. బతికే ఉంది. పెనుగులాడుతోంది. పెనుగులాడిన కొద్దీ వల ఇంకా బిగుస్తోంది.

వల కోయకపోతే చేప చస్తుంది. కోస్తే వల పోతుంది. లక్ష దాటే వలలున్నాయి. వలలో పడ్డ మిగతా చేపలూ దాంతోపాటే నీళ్లపాలు. బోటులో పోసిన డీజిలు, నింపిన ఐసు, వండుకున్న బియ్యం అన్నీ అప్పు ఖాతాలోకే. ఇప్పుడు చెప్పండి. ఆ కత్తి మీ చేతిలో ఉంటే ఏం కోస్తారు?

ఈ బోటు నేను ఊహించుకున్నదే. సంగతి మాత్రం ఊహ కాదు. గుజరాత్ తీరంలో గత ఇరవై ఏళ్లలో 900కు పైగా సార్లు ఇలాంటి ఘడియ వచ్చింది. ప్రతిసారీ కత్తి వల మీదే పడింది. చేప సముద్రంలోకి వెళ్లిపోయింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, అంతకు ముందు ఇదే తీరంలో, ఇదే రేవుల్లో, ఇదే చేపను కొక్కేలు వేసి మరీ పట్టి చంపేవాళ్లు. మనుషులు మారలేదు, సముద్రం మారలేదు. మరి మారిందేమిటి? ఈవారం ముచ్చట అదే.

గుజరాత్ చేప గురించి మనకెందుకు అనకండి. వెరావల్ మనకు పరాయి ఊరేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం నుంచి ఏటా వేలమంది అక్కడికి వలస వెళ్తారు. దేశానికి ఈ అంచు నుంచి ఆ అంచుకు రైలెక్కి, నెలల తరబడి అక్కడి బోట్ల మీద కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుపోయినవాళ్లు ఇలా వెళ్లినవాళ్లే. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఆ కథ ఆధారంగా 2025లో ‘తండేల్’ సినిమా వచ్చాక బోటు నడిపే పెద్దను ఆ తీరంలో ఏమంటారో మన పిల్లలకు కూడా తెలిసింది. కాబట్టి ఆ వలలు కోసిన చేతుల్లో మనవాళ్ల చేతులు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క రాయకపోయినా, ఒక్కటీ లేదంటే నేను నమ్మను.

ముందు ఆ చేప సంగతి చూద్దాం. ఇంగ్లీషువాళ్లు వేల్ షార్క్ అంటారు. తెలుగులో తిమింగల సొర అనుకోవచ్చు. తిమింగలంతో దానికి చుట్టరికం ఏమీ లేదు, ఆకారాన్ని చూసి పెట్టిన పేరంతే. తిమింగలం పాలిచ్చే జంతువు. ఇది అచ్చమైన చేప. ప్రపంచంలోని చేపలన్నింటిలోకీ పెద్దది. సొర అనగానే మనకు సినిమాల్లో చూసిన రంపపు పళ్లు గుర్తొస్తాయి. దీనికీ పళ్లుంటాయి, వేల సంఖ్యలో ఉంటాయి. కానీ ఒక్కోటీ బియ్యపు గింజంత కూడా ఉండదు, దేనికీ పనికిరాదు. నోరు బార్లా తెరుచుకుని ఈదుకుంటూ పోతుంది. నీళ్లతోపాటు లోపలికి వచ్చిన సూక్ష్మజీవుల్ని, చిన్న చిన్న చేపల్ని, గుడ్లని మొప్పల దగ్గర వడగట్టుకుని నీళ్లు వదిలేస్తుంది. ఇంత పెద్ద ఒళ్లు పెట్టుకుని పాపం తినేది అంత చిన్న తిండి. మనిషి జోలికి రాదు. ఒంటి మీది చుక్కల వరస మన వేలిముద్రల్లాగా ఏ చేపకు ఆ చేపకే వేరు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది చాలా నిదానంగా పెరుగుతుంది. పిల్లల్ని కనే వయసు రావడానికే పాతికేళ్లకు పైగా పడుతుందని అంచనా. సముద్రంలో కవళ్లు, కానాగంతలు పట్టినట్టు దీన్ని పడితే మళ్లీ పుట్టడానికి మన జీవితకాలం చాలదు.

సౌరాష్ట్ర తీరంలో దీని పేరు ‘బేరల్’. అంటే పీపా. పేరు ఎందుకొచ్చిందంటే, పెద్ద కొక్కేనికి తాడు కట్టి, ఆ తాడుకు ఖాళీ పీపాలు కట్టి, కొక్కేన్ని చేపకు గుచ్చి వదిలేసేవాళ్లు. చేప మునగాలని చూస్తుంది, పీపాలు మునగనివ్వవు. గంటల తరబడి అలా పెనుగులాడి నీరసించిపోయాక రేవుకు ఈడ్చుకొచ్చేవాళ్లు. మొదట్లో కాలేయం నూనె కోసమే ఈ వేట. ఆ నూనె చెక్క పడవలకు పూస్తే నీళ్లు పట్టవు. మాంసం అడిగే దిక్కుండేది కాదు. తర్వాత విదేశాల్లో, ముఖ్యంగా తైవాన్‌లో, ఈ మాంసానికి గిరాకీ పుట్టింది. ఎక్కడో హోటల్లో ఎవరో ఇష్టపడి తినడం మొదలుపెడితే ఇక్కడ సముద్రం రంగు మారుతుంది. 1999, 2000 సంవత్సరాలు రెండింటిలో కలిపి గుజరాత్ తీరంలో దాదాపు 600 చేపల్ని చంపినట్టు పరిశీలకులు లెక్క కట్టారు.

ఆ రక్తపు రేవుల్ని మైక్ పాండే అనే దర్శకుడు కెమెరాకెక్కించాడు. ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అని ఆ డాక్యుమెంటరీ పేరు. 2000లో వచ్చింది. వన్యప్రాణి చిత్రాల ప్రపంచంలో గ్రీన్ ఆస్కార్ అని పిలిచే పురస్కారం దానికి దక్కింది. పురస్కారాల మాట అలా ఉంచండి. ఢిల్లీలో కదలిక వచ్చింది, నాకు అది ముఖ్యం. 2001 మేలో కేంద్ర ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులి, ఏనుగు ఉన్న షెడ్యూలు అది. దేశంలో ఒక చేపకు ఆ హోదా రావడం అదే మొదలు. చంపితే జైలు, జరిమానా.

చట్టం వచ్చింది. బాగుంది. కానీ చట్టం ఎక్కడికి వచ్చింది? గెజిట్‌లోకి వచ్చింది. గెజిట్ చదివి వేటకు వెళ్లే మత్స్యకారుణ్ని నేనింతవరకూ చూడలేదు. చదివి ఉద్యోగం చేసే గుమాస్తాని కూడా చూడలేదనుకోండి, అది వేరే సంగతి. మూడేళ్ల తర్వాత ఆ తీరంలో అడిగి చూస్తే ఈ చేపను చంపడం నేరమన్న సంగతే చాలామందికి తెలియదు.

ఆ ఏడాదే ఇంకొక ముచ్చట జరిగింది. మే నెల ఊపులో ఉన్న ప్రభుత్వం జూలైలో ఏకంగా సొరలు, టేకుచేపలు అన్నింటినీ ఒక్క కలంపోటుతో అదే షెడ్యూలులోకి తోసేసింది. సొర పిట్టు వండుకునే ఇంట్లో ఒక్క రాత్రిలో అందరూ పులిని చంపినంత నేరస్థులైపోయారు. తీరాల వెంబడి గగ్గోలు పుట్టింది. చివరికి ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి జాబితాను పది రకాలకు కుదించింది. ఏ చేప ఎంత ఉంది, ఎవరు దాని మీద బతుకుతున్నారు అని రేవుకు వెళ్లి అడగకుండా రాసిన కాగితం ఎంతకాలం నిలుస్తుందో అప్పుడు తేలింది. అయిదు నెలలు.

తిమింగల సొర విషయంలో మాత్రం వేరే దారి దొరికింది. 2004లో గుజరాత్ అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్, జంతు సంక్షేమానికి పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. ఇలాంటి ప్రచారాలంటే నాకు మొదటినుంచీ కాస్త అనుమానం. టోపీలు, టీషర్టులు, ఫొటోలు, వడలు, టీ. ఆ తర్వాత అందరూ ఇళ్లకు. ఇక్కడా అవన్నీ ఉన్నాయి. గాలి ఊదితే అసలు చేపంత పెరిగే బొమ్మ చేసి ఊరూరా తిప్పారు. వీధి నాటకాలు ఆడించారు. కానీ వాళ్లు చేసిన ఒక పని మాత్రం నాకు నచ్చింది. శాస్త్రవేత్తను కాకుండా రామకథ చెప్పే మొరారి బాపును తీసుకొచ్చారు.

ఆయన జీవవైవిధ్యం, పర్యావరణ సమతుల్యత లాంటి మాటలు వాడలేదు. ఈ చేప పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. అంతే. మిగతాది ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. కడుపుతో ఉన్న కూతురు గడప తొక్కితే ఏం చేస్తామో మనకు ఒకరు చెప్పాలా? చలువ చేసేవి పెడతాం, పురుడు పోస్తాం, సారె ఇచ్చి పంపిస్తాం. ఆ పిల్ల మీద కొక్కెం వేస్తామా? ఆ చేప అచ్చంగా అక్కడే పిల్లల్ని కంటుందా అన్నది శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చాల్సిన సంగతే. చిన్న చిన్న పిల్లలు ఆ తీరంలో కనిపించిన మాట మాత్రం నిజం. దానికి ‘వ్హాలీ’ అని పేరు పెట్టుకున్నారు. గుజరాతీలో ముద్దుల పిల్ల, ప్రియమైనది అని అర్థం. పీపా కాస్తా ముద్దుల కూతురైంది. పోర్‌బందర్ మొదలుకొని తీరంలోని ఊళ్లు ఒకటొకటిగా ఆ చేపను తమ ఊరి గుర్తుగా ప్రకటించుకున్నాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి మనసుల కథ అవుతుంది. ఆదివారం పూట చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. కానీ కూతురని ఒప్పుకున్నంత మాత్రాన వల ఖరీదు తగ్గదు కదండీ. లక్ష రూపాయల వల కోసుకుని ఇంటికెళ్తే షావుకారు “కూతురు కోసం కోశావు కాబట్టి అప్పు మాఫీ” అనడు.

అందుకే ప్రభుత్వం చేసిన రెండో పని గురించి చెప్పాలి. వల కోసి ఈ చేపను వదిలిపెట్టినవాళ్లకు గుజరాత్ అటవీ శాఖ వల నష్టపరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. పథకంలో పెట్టిన మొత్తం 25,000 రూపాయలు. అడవిలో పులి ఆవును చంపితే రైతుకు పరిహారం ఇస్తారు, ఏనుగులు చెరకు తొక్కితే ఇస్తారు. సముద్రంలో పోయిన వలకు అటవీ శాఖ డబ్బివ్వడం అప్పటికి కొత్త. సముద్రాన్ని కూడా అడవిలాగే చూసి, అందులో పనిచేసేవాణ్ని రైతులాగే చూడటం అన్నమాట.

మొదట్లో దీనికీ ఒక చిక్కు వచ్చిపడింది. పరిహారం కావాలంటే చేప నిజంగా వలలో పడిందని, వల నిజంగా కోశారని ఎవరో చూడాలి. ఎవరు చూడాలి? అటవీ సిబ్బంది చూడాలి. వాళ్లెక్కడుంటారు? ఒడ్డున. బోటు నుంచి కబురు పెట్టాలి, వాళ్లు ఇంకో బోటు చూసుకుని రావాలి. ఈలోగా చేప వలలోనే. గంటలు గడుస్తాయి. సొర ఈదకుండా వలలో బిగిసిపోయి ఉంటే ఊపిరాడటం కష్టమవుతుంది. ఆఫీసరుగారు వచ్చేసరికి కాపాడాల్సింది ఏమీ మిగలకపోవచ్చు. మన ఆఫీసుల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. బతికే ఉన్నానని సర్టిఫికెట్ తెమ్మనే దేశం మనది. చేపను మాత్రం వదులుతారా?

దీనికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు చాలా చిన్నది. మత్స్యకారుల చేతికే కెమెరాలు ఇచ్చారు. నీళ్లు తగిలినా పాడుకానివి. చేప వలలో ఉన్నప్పుడు ఫొటో తియ్యండి, వల కోస్తున్నప్పుడు తియ్యండి, చేప వెళ్లిపోతున్నప్పుడు తియ్యండి, ఒడ్డుకొచ్చాక ఆ ఫొటోలు చూపించి డబ్బు తీసుకోండి అన్నారు. ఆఫీసరు రానక్కర్లేదు. వెంటనే కోసెయ్యొచ్చు. గంటల పని నిమిషాల్లోకి వచ్చింది.

నా దృష్టిలో మొత్తం కథలో గొప్ప మలుపు ఇది. 25,000 కన్నా పెద్దది. ఎందుకంటే ప్రభుత్వం ఇక్కడ ఒక మాట ఒప్పుకుంది. సముద్రం మీద మా కన్ను నువ్వే, నీ మాట నమ్ముతున్నాం అని. పేదవాడికి డబ్బివ్వడానికి ప్రభుత్వాలు అప్పుడప్పుడూ సిద్ధపడతాయి. పేదవాడి మాట నమ్మడానికి మాత్రం అంత తొందరగా సిద్ధపడవు. దొంగ ఫొటోలు పెడతారేమో, పాత వలలు కోసి చూపిస్తారేమో అని ఫైలు మీద ఎవరో ఒకరు రాసే ఉంటారని నా అనుమానం. ఆ రాతను పక్కన పెట్టినవాళ్లెవరో గానీ వాళ్లకు నమస్కారం.

పరిహారం సరిపోతుందా అంటే, సరిపోదు. లక్ష పోయిన చోట పాతిక వేలు పావు వంతు. ఒకసారి వల పోతే బాగుచేసుకునేదాకా ఆగిపోయే వేట సంగతి ఆ పాతిక వేలలో లేదు. ఇంకొకటి చూడండి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు మొదటి షెడ్యూలు ప్రాణిని చంపితే వేసే జరిమానా కనీసం 25,000 అని పెట్టారు. చంపినవాడి దగ్గర తీసుకునే కనీస మొత్తం, బతికించినవాడి చేతిలో పెట్టిన మొత్తం ఒకటేనన్నమాట. యాదృచ్ఛికమే కావచ్చు. అయినా నాకు కాస్త గుచ్చుకుంది.

అన్నింటికన్నా తేలనిది ఇంకొకటి. వల బోటు యజమానిది. కాబట్టి పరిహారం వల పేరున వస్తుంది. కత్తి పట్టుకుని, అలల మధ్య, ఆ పెనుగులాటలో తోక దెబ్బ తగలకుండా వల కోసేది మాత్రం కూలికొచ్చిన కలాసీ. ఒడ్డున ఉన్న సేఠ్‌కు “వల కోశాం” అని చెప్పాల్సినవాడు తండేల్. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో.

ఇప్పుడు మన ఒడ్డుకొద్దాం.

మన దగ్గర సముద్రాన్ని కాపాడటానికి ప్రభుత్వం పెట్టే అతిపెద్ద ఖర్చు వేట నిషేధ భృతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. 2015 ముందు మే 31తో అయిపోయేది, 47 రోజులు. తర్వాత 61 రోజులు చేశారు. చేపలకు పద్నాలుగు రోజులు ఎక్కువ దొరికాయి. మనుషులకు పద్నాలుగు రోజులు ఎక్కువ పస్తు. ఆ పస్తుకు ఇచ్చేదే భృతి. 2019 ముందు 4,000 రూపాయలుండేది. 2019లో 10,000 అయింది. 2025 ఏప్రిల్‌లో 20,000 అయింది, దాదాపు 1,29,000 కుటుంబాలకు ఇచ్చారు. పార్టీలు మారినా మొత్తం పెరుగుతూ వచ్చింది. ఇలాంటివి మన రాజకీయాల్లో అరుదు కాబట్టి మెచ్చుకోవాల్సిందే.

ఇక లెక్క. 4,000ను 61 రోజులకు పంచితే రోజుకు 66 రూపాయలు. 10,000 అయితే 164. 20,000 అయితే 328. రోజుకు 66 రూపాయలతో ఇల్లు నడిపిన అమ్మలకు సముద్ర సంరక్షణ మీద డాక్టరేట్లు ఇవ్వచ్చు. 328 ఫరవాలేదు, గౌరవం దరిదాపుల్లోకి వచ్చింది.

మొత్తం ఎంతన్నదే కాదు, ఎప్పుడన్నది కూడా చూడాలి. 2022లో మే 13న, 2023లో మే 16న ఈ డబ్బు ఇచ్చారు. అంటే పొయ్యి ఆగిన నెల రోజుల తర్వాత. ఆ నెల రోజులూ అప్పు తెచ్చుకునే తింటారు, వచ్చిన భృతి వడ్డీతో సహా అక్కడికే పోతుంది. 2025లో ఏప్రిల్ 26న ఇచ్చారు. పదకొండు రోజుల ఆలస్యం. నెల కన్నా నయమే. కానీ నిషేధం ఏ రోజు మొదలవుతుందో ఏడాది ముందే తెలిసినప్పుడు డబ్బు ఏప్రిల్ 14న ఎందుకు రాకూడదు? సభకు తేదీ కుదరాలి, షామియానా వెయ్యాలి, బటన్ నొక్కాలి, ఇదే కదా ఆలస్యం. చేప గుడ్లు పెట్టడానికి ముఖ్య అతిథి కోసం ఆగదు.

వెరావల్ వెళ్లిన మనవాళ్ల సంగతి ఇంకో తిరకాసు. భృతి లెక్క మన తీరంలో ఉన్న బోట్లను, వాటి మీద పనిచేసేవాళ్లను బట్టి నడుస్తుంది. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది. అక్కడ బోటు ఆగాక రైలెక్కి ఇంటికొచ్చిన కలాసీ, ఇక్కడ ఏ బోటు మీదా పేరు లేనివాడు. రెండు సముద్రాల మీద పనిచేస్తాడు గానీ రెండు లెక్కల్లోనూ దూరడం అతనికి కష్టం.

తాబేళ్ల దగ్గరికొస్తే లెక్క మరీ చిక్కు. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరం వెంబడి వస్తాయి. ఒడిశాలోని గహిర్మఠ, రుషికుల్య తీరాలకు లక్షల్లో వెళ్తాయి, దారిలో మన ఇసుక మీదా పెడతాయి. ఇవీ పురిటికొచ్చినవే. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలో పడితే ఊపిరాడక చచ్చిపోతాయి. చేపలా మొప్పలు లేవు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. 2025 జనవరిలో తమిళనాడు తీరానికి వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో తాబేళ్ల మరణాల మీద మన ప్రభుత్వమూ విచారణకు ఆదేశించింది.

దీనికి మందు కనిపెట్టి చాలా ఏళ్లయింది. పొట్టిగా టెడ్ అంటారు. వల గొంతులో బిగించే ఇనప చట్రం. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పైనో కిందో ఉన్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయేలా తయారుచేసింది. మరి ఎందుకు బిగించుకోరు? ఎందుకంటే ఆ కంతలోంచి తాబేలుతోపాటు కాసిన్ని చేపలు, రొయ్యలు కూడా పోతాయి. ప్రతి వలకూ, ప్రతి రోజూ. తిమింగల సొర అయితే ఎప్పుడో ఒకసారి పడుతుంది, ఒకసారి నష్టం, ఒకసారి పరిహారం. ఫొటోకి దొరుకుతుంది. రోజూ కంతలోంచి జారిపోయే గుప్పెడు రొయ్యలను ఏ కెమెరా పడుతుంది?

టెడ్ వాడటం లేదన్న కారణంతోనే అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యను వద్దంది. అంతకుముందు 1990లలోనూ ఇదే తగాదా ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ అడ్డు లేదు. అందుకే మన ఎగుమతిదారులకు పెద్దగా నొప్పి తెలియలేదు. నొప్పంతా విశాఖ, కాకినాడ మరబోట్లవాళ్లకే. కేంద్రం మత్స్య సంపద యోజన కింద టెడ్లకు సాయం చేసే ఏర్పాటు జరిగింది. చట్రం ఖరీదు ప్రభుత్వం భరిస్తుంది, సంతోషం. చట్రం వల్ల రోజూ తగ్గే వేట ఖరీదు ఎవరు భరిస్తారన్న ప్రశ్న మాత్రం రేవులోనే నిలబడి ఉంది. టెడ్ బిగించిన బోటు పట్టిన రొయ్యకు కిలోకు కొంత ఎక్కువ ధర వచ్చేలా చెయ్యొచ్చు. డీజిలు రాయితీలో కాస్త కలపొచ్చు. ఏదో ఒకటి. గుజరాత్‌లో కెమెరా ఆలోచన వచ్చిన బుర్రలాంటి బుర్ర ఇక్కడా ఒకటి ఉండకపోదు.

2022 డిసెంబరులో విశాఖపట్నానికి దగ్గర్లోని తంతడి బీచ్‌లో ఒక తిమింగల సొర వలలో చిక్కుకుని ఒడ్డుకొచ్చింది. బరువు రెండు టన్నులన్నారు. జాలర్లు, అటవీ సిబ్బంది, జంతు ప్రేమికులు కలిసి నానా తంటాలు పడి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి చేర్చారు. టీవీల్లో, పేపర్లలో బాగానే వచ్చింది. ఎవరూ గుజరాత్ వెళ్లి శిక్షణ పొందినవాళ్లు కారు, అక్కడ అప్పటికప్పుడు చేసిన పని. వల పోయినవాళ్లకు పరిహారం ఇస్తామన్న మాట కూడా ఆ రోజు వినిపించింది.

ఆ మాటను అప్పటికప్పుడు బీచ్‌లో నిలబడి చెప్పాల్సిన అవసరం లేకుండా ముందే ఒక జీవో ఉంటే బాగుంటుంది. ఏ ప్రాణికి ఎంత, ఏ ఫొటోలు కావాలి, డబ్బు ఎన్ని రోజుల్లో పడుతుంది, అందులో బోటువారికెంత, కలాసీకెంత. ఒక్క పేజీ చాలు. తెలుగులో రాసి, భావనపాడు నుంచి నిజాంపట్నం దాకా ప్రతి రేవులోనూ ఐసు ఫ్యాక్టరీ గోడకు అంటించాలి. అక్కడైతే వేటకు వెళ్లే ప్రతి బోటువాడూ ఐసు నింపుకునేదాకా నిలబడి ఉంటాడు, చదువుతాడు.